4,000 మాటల పరిశోధన పత్రం: శీర్షిక ఎంత కుదించాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ట్రిప్లికేన్ విద్యార్థిని

చెన్నైలో ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. 4,000 మాటల పరిశోధన పత్రం ఇవ్వాలి, 10 వారాల గడువుంది. "ఆంధ్రోద్యమంలో మద్రాసు నగరం" అని శీర్షిక ఇస్తే గైడ్ గారు "చాలా పెద్దది, తగ్గించు" అని వెనక్కి పంపారు. ఎలా తగ్గించాలి? ముందు చదవాలా, ముందు ప్లాన్ వేసుకోవాలా? పత్రం తెలుగులోనే రాస్తున్నాను.

పాదసూచిక

మీరిచ్చింది విషయమమ్మా, ప్రశ్న కాదు. ప్రశ్నయితే దానికి "కాదు" అనే జవాబుకి కూడా చోటుండాలి. కాలం, ఆధారం, అడిగే సంగతి: ఈ మూడూ బిగిస్తే శీర్షిక దానంతటదే చిన్నదవుతుంది.

మీ విషయానికే చూడండి. మద్రాసు మీద పట్టు వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రం అని జె.వి.పి. కమిటీ (కాంగ్రెస్ వేసిన నెహ్రూ, పటేల్, పట్టాభిల కమిటీ) నివేదిక చెప్పింది 1949 ఏప్రిల్‌లో. నగరం లేకుండా రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటించింది 1952 డిసెంబరు 19న. ఈ రెండు తేదీల మధ్యే ఉండండి. ఆధారం ఒక్కటే: అప్పటికి మద్రాసు నుంచే వెలువడుతున్న ఆంధ్రపత్రిక దినపత్రిక సంపాదకీయాలు. ప్రశ్న: నగరం తెలుగువాళ్లకి దక్కాలనడానికి ఆ పత్రిక చూపిన కారణాలేవి, అవి మారాయా లేదా?

అలా చూసినా మూడున్నరేళ్ల పైచిలుకు సంచికలు చదవలేరు. మూడు ముక్కలు తీసుకోండి. 1949 ఏప్రిల్ నెలంతా, 30 రోజులు. ఆంధ్ర రాష్ట్రం కోసం స్వామి సీతారాం చేసిన నిరాహారదీక్ష, 1951 ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 20 దాకా, 37 రోజులు. పొట్టి శ్రీరాములు దీక్ష మొదలైన 1952 అక్టోబరు 19 నుంచి ప్రకటన దాకా, 62 రోజులు. మొత్తం 129 రోజులు. అన్నిరోజులూ ఈ విషయం మీదే రాసి ఉండరు కాబట్టి పని ఇంకా తగ్గుతుంది.

ఒక జాగ్రత్త. "ఆంధ్రులు ఇలా భావించారు" అని ఎక్కడా రాయకండి. మీ దగ్గరున్నది పత్రిక మాట. ఉద్యమాల మీద వచ్చే విద్యార్థి పత్రాల్లో ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే.

ఎగ్మోర్ రీడింగ్ రూమ్

చదవడమా ప్లానా అంటే, కొంచెం చదివి ప్లాన్ వేసి, మళ్లీ చదవాలి. మొదటి 2 వారాలు ఇతరులు రాసినవి, ప్రశ్న ఖాయం చేయడం. తర్వాత 3 వారాలు సంచికలు. 1 వారం అవుట్‌లైన్, 2 వారాలు డ్రాఫ్ట్, 1 వారం దిద్దుబాటు. చివరి వారం ఖాళీగా వదలండి, అది ఎలాగూ నిండుతుంది.

నోట్సు సంగతి అన్నిటికన్నా ముఖ్యం. పత్రం చెడేది రాసేటప్పుడు కాదు, నోట్సు రాసుకునేటప్పుడే. ఎక్సెల్‌లో సంపాదకీయానికి ఒక వరస పెట్టండి: తేదీ, పుట, శీర్షిక, ఏ రకం వాదం, ఉన్నదున్నట్టు ఎత్తిరాసిన వాక్యం, మీ మాటల్లో సారాంశం. ఆఖరి రెండూ ఒకే గడిలో కలిపారా, నెల తర్వాత ఏది పత్రికదో ఏది మీదో మీకే తెలియదు. తెలియకుండా కాపీ జరిగేది అలాగే. పాత వర్ణక్రమం, అరసున్నలు ఎలా ఉంటే అలాగే దించుకోండి, "సరిచేయ"కండి.

వాదాల రకాలు (చరిత్ర, జనాభా, వ్యాపారం వగైరా) ముందే గిరిగీసుకోవద్దు. మొదటి 20 సంపాదకీయాలు చదివాక వాటిలోంచే తీయండి, ఆ 20 మళ్లీ చూసి సర్దండి.

ఉగాది సంచికలు వాడితే సంవత్సరం పేరు చూసి మోసపోకండి. నందన అంటే 1952 ఉగాది నుంచి 1953 ఉగాది దాకా. తేదీ కోసం సంచిక మీద ఇంగ్లీషు నెల వెతకండి. ఆర్కైవ్.ఆర్గ్‌లోని పాత తెలుగు స్కాన్ల పేర్లు చిత్రవిచిత్రమైన ఇంగ్లీషు స్పెల్లింగుల్లో ఉంటాయి. ఒకే పేరుని నాలుగు రకాలుగా కొట్టి వెతకాలి.

పాదసూచిక

మాటల పంపకం కూడా చెప్తాను: పరిచయం 400, నేపథ్యం 500, ఆధారాలూ పద్ధతీ 300, విశ్లేషణ 2,300, ముగింపు 500. నేపథ్యం దగ్గరే అందరూ జారిపోతారు. కోస్తా, రాయలసీమ నాయకుల 1937 శ్రీబాగ్ ఒడంబడికతో మొదలుపెట్టి, భాషా రాష్ట్రాల మీద వేసిన 1948 ధార్ కమిషన్ దాకా వచ్చేసరికి 2,000 మాటలైపోతాయి, సొంత పనికి చోటుండదు. అందుకే ముందు విశ్లేషణ రాయండి, పరిచయం ఆఖర్న.

విశ్లేషణని తేదీల వరసలో రాస్తే డైరీలా తయారవుతుంది. వాదాల వారీగా విడగొట్టి, ఒక్కో వాదం మూడు ముక్కల్లో ఏమైందో చూపండి.

లేటుగా వచ్చినవాడు

ఒక చిన్న చేర్పు. అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేయకండి, యూనికోడ్‌లోనే చేయండి. లేకపోతే ఫైల్లో వెతకడం కుదరదు, ఇంకో కంప్యూటర్లో అక్షరాలు గజిబిజి అవుతాయి. ఫుట్‌నోట్లకి జొటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం.

కాపీ మీద యు.జి.సి. 2018 నిబంధనల్లో, ఇతరుల రాతతో 10 శాతం దాకా పోలికకి శిక్ష లేదు. మూలం చెప్పి ఎత్తిరాసిన భాగాలు, గ్రంథసూచి ఆ లెక్కలోకి రావు. మీ విభాగం అంతకంటే కఠినంగా ఉందేమో కనుక్కోండి. శాతం తక్కువ వచ్చినంత మాత్రాన పత్రం శుభ్రంగా ఉన్నట్టు కాదు. ఇంగ్లీషు పుస్తకంలోని పేరాని తెలుగు చేసి మూలం చెప్పకపోతే అదీ చౌర్యమే.

ట్రిప్లికేన్ విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలండీ. 129 రోజుల్లో కొన్ని సంచికలు దొరక్కపోతే?

ఎగ్మోర్ రీడింగ్ రూమ్

దొరకని తేదీలు అదే ఎక్సెల్‌లో ఖాళీ వరసలుగా ఉంచండి. అటుపక్కా ఇటుపక్కా చూసి ఊహించి నింపొద్దు. పద్ధతి భాగంలో "ఇన్ని రోజులకి ఇన్ని దొరికాయి" అని ఒక్క వాక్యం చాలు. ఒక ముక్కలో పావు వంతు పైన లోపిస్తే, ముఖ్యంగా శ్రీరాములు చనిపోయిన 1952 డిసెంబరు 15 తర్వాతి రోజులే పోతే, ఆ ముక్క మీద గట్టి నిర్ధారణ చేయకండి. తేదీల జాబితా అనుబంధంగా పెట్టండి. అది 4,000 లెక్కలోకి వస్తుందో రాదో గైడ్ గారిని ఇప్పుడే అడిగేయండి.