క్లాసులో టీచర్ మైక్ పెట్టుకుంటే తప్పా?

బయాలజీ_టీచర్: ఏడో తరగతి రెండు సెక్షన్లూ కలిపేశారు, 60 దాటారు పిల్లలు. గొంతు బొంగురుపోయి తగ్గడంలేదు. ఈఎన్‌టీ డాక్టర్ కెమెరా పెట్టి చూసి వోకల్ కార్డ్స్ (స్వరతంత్రులు) మీద నాడ్యూల్స్, అంటే చిన్న బొడిపెలు, వచ్చాయన్నారు. నడుముకు కట్టుకునే చిన్న మైక్ కొన్నాను. ‘ఇదేమన్నా బహిరంగ సభా?’ అంటున్నారు మా హెచ్చెమ్. మీరేమంటారు?

పాత_మాస్టారు: సర్వీసంతా మైక్ లేకుండానే వెనక బెంచీ దాకా వినిపించానమ్మా. మాట పొట్టలోంచి రావాలి. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోండి.

కడప_కుర్రోడు: మరి పక్క క్లాసు వాళ్ల గతేంటి?

బయాలజీ_టీచర్: మాస్టారూ, కరక్కాయ రసం దిగేది అన్నవాహికలోకి, వోకల్ కార్డ్స్ మీదికి కాదు. ఆడవాళ్లవి పొట్టివి. మామూలు మాటలోనే సెకనుకు 200 సార్ల దాకా కొట్టుకుంటాయి, మగవాళ్లవి 120 దాకా. మీ గొంతుతో నాకు పోలికేంటి?

పాత_మాస్టారు: హరిదాసులు రాత్రంతా కథ చెప్పింది కరక్కాయతోనే. దాన్ని తీసిపారేయకండి.

బయాలజీ_టీచర్: నేను మైక్ గురించి అడిగాను సార్!

స్పీచ్_థెరపిస్ట్: కరక్కాయతో నోట్లో తడి ఊరుతుంది, నాడ్యూల్స్ కరగవు. చాలామందికి థెరపీతో తగ్గుతాయి. గుసగుసగా మాట్లాడితే రెస్ట్ అనుకోకండి, అదీ శ్రమే. అస్తమానం గొంతు సవరించుకోవద్దు. మైక్ మంచిదే.

ప్రైవేట్_బడి: మీకు వద్దన్నారంతే. నాకు గొంతు పోతే జీతం కోసి, ‘క్లాసు కంట్రోల్ లేదు’ అని ఉద్యోగమే పీకేశారు. మీకు మెడికల్ లీవైనా ఉంది.

బయాలజీ_టీచర్: లీవ్ పెడితే ఆ పిల్లలకి మీరొచ్చి చెప్తారా?

పాత_మాస్టారు: సరే, ఉన్నమాట చెప్తా. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకి 35 మందికో టీచర్ ఉండాలంది. మీరు మైక్ తగిలించుకుని 60 మందికి చెప్పేస్తే ఆ సెక్షన్ ఇంకెవడు విడదీస్తాడు? రేపు వందమందిని కుక్కి ‘మైక్ ఉందిగా’ అంటారు. పోస్టుల కోసం ధర్నాల్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి నేను!

బయాలజీ_టీచర్: ఈ మాట మొదటే అనొచ్చుగా, కరక్కాయ దగ్గర కూర్చోకుండా! పోస్టులు వచ్చేదాకా నా గొంతు ఆగదు. పోలండ్‌లో ఏళ్ల తరబడి పాఠం చెప్పి తెచ్చుకున్న గొంతు జబ్బు వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. మన దేశం జాబితాలో మోతల వల్ల వచ్చే చెవుడు ఉంది, ఇది లేదు. అందుకే నా జబ్బు నా ఖర్చయింది.

పాత_మాస్టారు: జాబితాలో చేర్చినా మీకు మైకే ఇస్తారు, ఇంకో టీచర్ని ఇవ్వరు.

బయాలజీ_టీచర్: ఇవ్వనివ్వండి. సోమవారం మైక్‌తోనే వెళ్తున్నా.

ప్రైవేట్_బడి: మేడమ్, ఆ మైక్ ఛార్జింగ్ ఎన్ని పీరియడ్లు వస్తుంది?