రక్తదాన శిబిరానికి కుర్రాళ్లు, పెద్దలు ఇద్దరూ కదలాలంటే ఏం చెయ్యాలి?

రాజాం కుర్రోడు:
సంక్రాంతికి మా ఊళ్లో రక్తదాన శిబిరం పెడుతున్నాం. కాలేజీ పిల్లలు, హైదరాబాద్, విశాఖ నుంచి పండక్కొచ్చే నలభై ఏళ్లవాళ్లు, రిటైరైన మాస్టార్లు ఉన్నారు. “సేవ చేద్దాం రండి” అంటే అందరూ తలూపుతున్నారు గానీ ఎవరూ పేరు రాయించుకోవడం లేదు. ఏ వయసువాళ్లని ఏం చెప్పి పిలవాలి?

వంశధార గట్టు:
తమ్ముడూ, మనిషి సేవకి రావడానికి ఒకే కారణం ఉండదు. 1998లో క్లారీ, స్నైడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, వాళ్ల సహచరులు ఆరు కారణాలు గుర్తించారు: నమ్మిన విలువలు, నేర్చుకోవాలన్న కోరిక, నలుగురితో కలవడం, ఉద్యోగానికి పనికొస్తుందన్న ఆలోచన, మనసులో బరువు దించుకోవడం, తనమీద తనకి గౌరవం పెరగడం. చదువుకునే వయసులో నేర్చుకోవడం, ఉద్యోగం ముందుంటాయి. వయసు పెరిగేకొద్దీ ఉద్యోగం సంగతి వెనక్కిపోతుంది.

అందుకని పిల్లలకి పని, టైము కచ్చితంగా చెప్పు: “8 నుంచి 11 దాకా నమోదు బల్ల నీది.” ఎన్.ఎస్.ఎస్. (కాలేజీల్లో జాతీయ సేవా పథకం) వాళ్లకి రెండేళ్లలో 240 గంటల సేవ నిండాలి. ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో ముందే మాట్లాడి ఈ గంటలు లెక్కలో పడేలా చూడు. సర్టిఫికెట్ అడిగితే తప్పుపట్టకు, వాళ్లకది నిజంగా అవసరం. కుర్చీలు మోయించి పంపేస్తే మాత్రం మళ్లీ రారు.

పండక్కొచ్చినవాళ్లకి మనసుంటుంది, టైమే ఉండదు. భోగిమంట దగ్గర ఊరంతా ఒక్కచోటే ఉంటుంది కాబట్టి అదే రోజు, టిఫిన్లయ్యాక మొదలుపెట్టు. కనుమ మర్నాడు వద్దు. ముందురోజు తాగిన మందు మత్తు దిగనివాళ్లని డాక్టరు వెనక్కి పంపేస్తారు. సెలవు రోజు గనక, లైసెన్సున్న బ్లడ్ సెంటర్‌తో తేదీ చాలా ముందుగా ఖాయం చేసుకో.

బొబ్బిలి టీచరమ్మ:
పెద్దవాళ్లని వాట్సాప్‌లో పిలవొద్దు బాబూ, ఇంటికెళ్లి అడగండి. 60 దాటాక మొదటిసారి రక్తం ఇవ్వడానికి వీల్లేదు, ఇదివరకు ఇచ్చినవాళ్లయినా 65 వరకే. అయినా మాస్టార్లకి బోలెడు పనుంది. “మా అబ్బాయి నీరసపడిపోతాడేమో” అని భయపడే తల్లికి వాళ్లు చెబితేనే నమ్మకం. వాళ్లని వేదికెక్కించి శాలువాలు కప్పి ఉపన్యాసాలు పెట్టకండి. ఆ గంటలో దాతలు ఆకలితో నీరసపడతారు.

రక్తంలో హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు లేక ఆడపిల్లలు చాలామంది ఆగిపోతారు. అందరిముందూ “నువ్వు పనికిరావు” అంటే ఆ పిల్ల ఇంకే శిబిరానికీ రాదు. పక్కకి పిలిచి చెప్పి, పీహెచ్‌సీలో చూపించుకోమనండి. ఆవేళకి నమోదు పని ఇవ్వండి.

పడుకునే బల్లలకి, క్యూకి మధ్య తెర కట్టడం మరిచిపోకండి. ఖాళీ కడుపుతో వచ్చిన కుర్రాడొకడు లేస్తూనే కళ్లు తిరిగి పడ్డాడంటే వెనకున్నవాళ్లు జారుకుంటారు. ఇచ్చాక పదిహేను నిమిషాలు కూర్చోబెట్టండి. కళ్లు తిరిగితే పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి.

రాజాం కుర్రోడు:
బాగా చెప్పారు టీచర్ గారూ. ఇచ్చినవాళ్లకి హెల్మెట్లు ఇద్దామని మావాళ్లు అంటున్నారు, ఇవ్వొచ్చా?

వంశధార గట్టు:
వద్దు తమ్ముడూ. వస్తువు కోసం వచ్చినవాడు కామెర్లొచ్చిన సంగతి, వాడే మందుల సంగతి దాచిపెడతాడు. ప్రతి యూనిట్‌కీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు, నిజమే. కానీ కొత్తగా సోకిన జబ్బు కొన్నాళ్లదాకా పరీక్షకి దొరకదు. అక్కడ దాత నిజం చెప్పడమే కాపాడుతుంది. ఆ డబ్బుతో మంచి ఉప్మా, మజ్జిగ పెట్టండి. ఫోన్ నంబర్లు రాసుకుని మగవాళ్లు 90 రోజులకి, ఆడవాళ్లు 120 రోజులకి మళ్లీ ఇవ్వొచ్చు గనక, అప్పుడు ఎవరైనా ఒకరు ఫోన్ చెయ్యండి. పేరుపెట్టి పిలిస్తే ఏ వయసువాళ్లయినా వస్తారు.