టీమ్‌లో ఆబోరిజినల్ ఉద్యోగులు ఏడాది తిరక్కుండానే మానేస్తున్నారు, తప్పెక్కడుంది?

టీమ్‌లీడ్_పెర్త్
ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఒక కంపెనీలో మెయింటెనెన్స్ టీమ్ చూస్తాను, పద్నాలుగు మందిమి. రెండేళ్లలో ముగ్గురు ఆబోరిజినల్ (ఇక్కడి ఆదివాసీ) ఉద్యోగుల్ని తీసుకున్నాం, ఇద్దరు ఏడాది తిరక్కుండానే మానేశారు. మూడో అమ్మాయి పనిలో దిట్ట, కానీ ఈమధ్య ముభావంగా ఉంటోంది, ఇంకో చోట ఇంటర్వ్యూకి వెళ్లిందని విన్నాను. మా మేనేజరేమో "వాళ్లు నిలవరు, అంతే" అని తేల్చేశాడు. నాకా మాట మింగుడుపడలేదు. జీతం తక్కువేం కాదు, కంపెనీకి ఆదివాసులతో సఖ్యత కోసం రాసుకున్న రీకన్సిలియేషన్ యాక్షన్ ప్లాన్ ఉంది, జులైలో వాళ్ల సంస్కృతిని గౌరవించే నైడాక్ వీక్ ఘనంగా చేస్తాం. అయినా ఎందుకిలా? హెచ్ఆర్ భాషలో కాకుండా మామూలుగా చెప్పండి.

పేరోల్_పంతులు
ముందు సెలవుల సంగతి చూడండి. ఇక్కడ చట్టప్రకారం దగ్గరి బంధువు పోతే ఒక్కోసారికి రెండు రోజులు కంపాషనేట్ లీవ్. దగ్గరి బంధువంటే భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, తాతా నానమ్మలు, మనవలు, తోబుట్టువులు. పెదనాన్న లేడు, మేనత్త లేదు. చాలా ఆబోరిజినల్ కుటుంబాల్లో నాన్న అన్నదమ్ములు కూడా నాన్నలే, అమ్మ అక్కచెల్లెళ్లు కూడా అమ్మలే. పెదనాన్న, చిన్నమ్మ అని పిలిచే మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు కదా. నేను పనిచేసిన చోట ఒకబ్బాయి "నాన్న పోయారు" అని సెలవడిగితే, ఆరు నెలల కింద కూడా ఇదే చెప్పావుగా అన్నారు, అదీ అందరి ముందు. నెల తిరిగేలోపు మానేశాడు.

చావు, దాని చుట్టూ ఉండే బాధ్యతలన్నిటినీ కలిపి వాళ్లు సారీ బిజినెస్ అంటారు, ఒక పూటలో తేలేది కాదు. ఉత్తరాన కింబర్లీ వైపు మనిషైతే, పెర్త్ నుంచి అక్కడి బ్రూమ్ ఊరే రోడ్డు మీద 2,000 కిలోమీటర్ల పైమాట, రెండు రోజులు దారికే చాలవు. కొన్ని అవార్డుల్లో (ఒక్కో రంగానికి జీతం, సెలవుల రూల్స్ పెట్టే చట్టబద్ధమైన పత్రాలు) సంప్రదాయ కార్యాల కోసం ఏడాదికి 10 పనిదినాల దాకా జీతం లేని సెరిమోనియల్ లీవ్ ఉంది. మీకు వర్తించే అవార్డు తీసి చూడండి. అందులో లేకపోయినా కంపెనీ తనంతట తాను ఇవ్వొచ్చు, ఎవరూ వద్దనరు.

రెండో_షిఫ్ట్
ఒక్క ప్రశ్న. నైడాక్ వీక్ ఘనంగా చేస్తామన్నారే, పనంతా చేసేదెవరు?

టీమ్‌లీడ్_పెర్త్
ఆ అమ్మాయే. ఆమెకైతే బాగా తెలుసు కదా అని.

రెండో_షిఫ్ట్
అనుకున్నా. దీన్నే ఇక్కడ కల్చరల్ లోడ్ అంటారు. పోస్టర్ సరిచూడు, పెద్దల్ని పిలువు, కొత్తవాళ్ల ట్రైనింగ్‌లో నీ కథ చెప్పు, ఇవన్నీ అసలు పనికి అదనం, పైసా రాదు, రివ్యూలో మాత్రం టార్గెట్ తగ్గిందంటారు. ఆదివాసుల మాట పార్లమెంటుకి వినిపించే సంఘాన్ని రాజ్యాంగంలో పెట్టాలా అని 2023 అక్టోబర్ 14న జరిగిన వాయిస్ రెఫరెండంలో 60 శాతం మంది నో అన్నారు కదా, ఆ సోమవారం పొద్దున మా ఆఫీసులో ఒకావిడని వరసబెట్టి ముగ్గురు "నీకేమనిపిస్తోంది" అని అడిగారు. మంచి మనసుతోనే అడిగారు లెండి. ఆవిడ మధ్యాహ్నానికి ఇంటికెళ్లిపోయింది.

మీటింగ్ మొదట్లో ఈ నేల ఎవరిదో గుర్తుచేసుకునే ఎకనాలెడ్జ్‌మెంట్ ఆఫ్ కంట్రీ ఎవరైనా చెప్పొచ్చు, మీరే నేర్చుకుని చెప్పండి. తమ నేలకి స్వాగతం పలికే వెల్‌కమ్ టు కంట్రీ మాత్రం ఆ నేల తాలూకు వాళ్లు చెప్పాల్సింది. పెర్త్ నూంగార్లనే ఆబోరిజినల్ జాతి నేల, ఆ అమ్మాయి వేరే చోటి మనిషైతే ఆమెని అడగడమే తప్పు. నూంగార్ పెద్దల్ని పిలవండి, ఊరికే కాదు, డబ్బిచ్చి.

ముక్కుసూటి
నేనొచ్చి పదేళ్లయింది, నా పేరు ఇప్పటికీ సరిగ్గా పలకరు. పండగైనా పబ్బమైనా యాన్యువల్ లీవే పెట్టుకుంటా. అందరికీ ఒకటే రూల్ ఉంటే పోలా?

పేరోల్_పంతులు
మీకు జరిగేదీ తప్పే, కాదనను. కానీ మనం ఉద్యోగం వెతుక్కుంటూ వీసా తీసుకుని వచ్చాం, వాళ్లెక్కడి నుంచీ రాలేదు. ప్రభుత్వం వాళ్ల ఇళ్లలోంచి పిల్లల్ని లాక్కెళ్లే పద్ధతి 1970ల దాకా నడిచింది, దానికి అప్పటి ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న. మీ పక్క సీట్లో మనిషి వాళ్లమ్మే అలా పెరిగి ఉండొచ్చు. ఆ ఇంట్లో ఆఫీసరు, ఫారం అన్న మాటలకి ఉండే భయం మన ఇళ్లలో లేదు. ఇంకోటి, లంచ్ టేబుల్ దగ్గర మనవాళ్లు వాళ్ల మీద జోకులు తెలుగులోనే వేస్తారు, నవ్వేటప్పుడు మాత్రం వాళ్ల వైపే చూస్తారు. ఎవరికి తెలీదంటారు?

టీమ్‌లీడ్_పెర్త్
మూడు వారాల తర్వాత రాస్తున్నా. ఆమెతో కాఫీకెళ్లి నేరుగా అడిగా. సెలవుల గురించీ నైడాక్ గురించీ చెప్తుందనుకున్నా, అవీ చెప్పింది గానీ, మొదట అడిగింది వేరు. తను పని నేర్పించిన ఇద్దరు ప్లానర్లయ్యారట (పనులు ఎప్పుడెలా చేయాలో ప్లాన్ చేసే పోస్టు), ఆ పోస్టుకి తన పేరు ఒక్కసారైనా ఎందుకు అనుకోలేదని. నా దగ్గర జవాబు లేదు. నిజంగానే ఎప్పుడూ తట్టలేదు.

నైడాక్ పని నలుగురికి పంచాం, అందులో నేనొకణ్ణి. సెలవు ఫారంలో బంధుత్వం గడి తీసేయమని హెచ్ఆర్‌కి రాశా. ప్లానర్ ఖాళీకి ఆమె పేరు పంపాను, మేనేజర్ ఇంకా సంతకం పెట్టలేదు. అవతలి కంపెనీకి ఆమె శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పాలట.