అంగారకుల దాడి: వెల్స్ మాటలా, సినిమా బొమ్మలా?

గోదారిగట్టు:
హెచ్.జి.వెల్స్ నవల ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ (1898) మళ్లీ చదివాను. ఇన్ని సినిమాలొచ్చినా గ్రహాంతరవాసుల దాడిని ఆ నవలంతగా కళ్లకు కట్టినది లేదని నా వాదన. లండన్ దగ్గర వోకింగ్ అనే ఊరి పక్కన, హార్సెల్ మైదానంలో అంగారకుడి నుంచి వచ్చిన సిలిండర్ పడుతుంది. ఓగిల్వీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు పొద్దున్నే వెళ్లి దాన్ని చూస్తుంటాడు. ఐదు నిమిషాల క్రితం తన వైపున్న నల్లటి మచ్చ ఇప్పుడు అవతలి పక్కన ఉంది. అంటే మూత తిరుగుతోంది, లోపలి నుంచి ఎవరో మర విప్పుతున్నారు! అప్పుడు కూడా ఆయన పారిపోడు. లోపల మనుషులు కాలిపోతున్నారేమో, సాయం చేద్దామని ఆ వేడికే ఎదురెళ్తాడు. నాకు అక్కడే ఒళ్లు జలదరించింది.

రాత్రిబండి:
గట్టు గారూ, నేను ఒప్పుకోను. ఆ మూత తిరగడం ఈ నవల మీద తీసిన 1953 సినిమాలోనూ ఉంది, చూస్తుంటే టెన్షన్ వస్తుంది. బొమ్మల సంగతికొస్తే, 1906లో బెల్జియంలో 500 ప్రతులే వేసిన ఫ్రెంచి అనువాదానికి బ్రెజిల్ చిత్రకారుడు ఆల్విం కొరియా గీసినవి చూడండి. అందులో అంగారకులు ఎక్కి తిరిగే మూడు కాళ్ల యంత్రాలకు కళ్లున్నట్టే ఉంటాయి, మనవైపే చూస్తుంటాయి. వెల్స్‌కే అవి నచ్చాయి. బొమ్మ మాటకు తీసిపోతుందని ఎలా అంటాం?

గోదారిగట్టు:
కొరియా బొమ్మలు గొప్పవే, కాదనను. కానీ అంతకుముందు 1897లో పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పటి బొమ్మలు వెల్స్‌కు నచ్చలేదు. పుస్తకంగా వేసేటప్పుడు కథ చెప్పే మనిషి చేతే ఒక చిత్రకారుణ్ని తప్పు పట్టించాడు: ఆ యంత్రాలను బిగుసుకుపోయిన మూడు కాళ్ల కట్టెల్లా గీశాడట, వాటి కదలికే పట్టుకోలేదట. ఆ కదలికను వెల్స్ ఎలా పట్టుకున్నాడో చూడండి. గాలివాన రాత్రి, మెరుపు తర్వాత మెరుపు. ఒక మెరుపులో యంత్రం ఒక వైపుకు ఒరిగి, రెండు కాళ్లు గాల్లో ఉన్నాయి. మళ్లీ చీకటి. మరో మెరుపులో చూస్తే వంద గజాలు దగ్గరకొచ్చేసింది. దానికాయన ఇచ్చిన పోలిక, పాలు పితికేటప్పుడు వేసుకునే ముక్కాలిపీట! దాన్ని వంచి నేల మీద విసురుగా దొర్లిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోమంటాడు. మా అమ్మమ్మ ఇంట్లో అలాంటి పీట ఉండేది, అందుకే చదవగానే ఆ నడక నాకు కనిపించింది. రెండు మెరుపుల మధ్య చీకట్లో అది వేసిన అడుగును నేనే ఊహించుకోవాలి. తెర మీద ఆ అడుగు కూడా చూపించేస్తారు.

వేపచెట్టు:
ఇద్దరూ యంత్రాల దగ్గరే ఆగిపోయారు. నా మటుకు ఆ నవల బలం దారుల్లో ఉంది. లండన్ జనం బళ్ల మీద, కాలినడకన, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ పారిపోయే అధ్యాయం చదవండి. మొదటి అధ్యాయంలోనే ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మానియా దీవి ఆదివాసులను యూరప్ వాళ్లు ఎలా ఊచకోత కోశారో గుర్తుచేస్తాడు వెల్స్. అలా ఇతరులను ఏలినవాళ్లే ఇప్పుడు మూటాముల్లె సర్దుకుని పరుగెత్తడం చూపించాడు కాబట్టే అది నన్ను వదలదు.

రాత్రిబండి:
వేపచెట్టు గారి మాట నిజమే. నిన్న రాత్రి చివరి అధ్యాయాలు తిరగేశాను. ఖాళీ లండన్‌లో ఒక అంగారకవాసి ‘ఉల్లా, ఉల్లా’ అని ఏడుస్తుంటాడు. ఆ ఏడుపు వింటూ నడుస్తున్న మనిషికి అది ఉన్నట్టుండి ఆగిపోగానే గుండె జారిపోతుంది. ఆ గొంతు ఉన్నంతసేపూ ఊరు బతికున్నట్టే అనిపించిందట. గట్టు గారూ, సినిమాలన్నింటి మాట ఇంకా ఒప్పుకోను గానీ, ఈ ఒక్కటీ ఏ బొమ్మలోనూ నాకు దొరకలేదు.