శాకాహారినే, రోజూ నడుస్తాను. అయినా ఎల్‌డీఎల్ 162

ప్రశ్న:
నాకు 46 ఏళ్లు. పుట్టినప్పటి నుంచీ శాకాహారినే, గుడ్డు కూడా ముట్టను. పొద్దున్నే నడుస్తాను. ఈమధ్య రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) 162, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 210, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్టరాల్) 38 వచ్చాయి. మూడు నెలలు తిండి మార్చి చూద్దాం, దిగకపోతే మందు మొదలెడదాం అన్నారు డాక్టరు గారు. మాంసమే తినని మనిషికి ఇదెక్కడి నుంచి వస్తోందండీ? ఏం మార్చాలో తోచడం లేదు.

జవాబు 1:
నేనూ శాకాహారినే, ఏళ్ల తరబడి దీనితో కుస్తీ పడుతున్నాను. ఒంట్లోని కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగం మన ఒళ్లే తయారుచేసుకుంటుంది, అందులో కాలేయానిది ముఖ్యమైన పాత్ర. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని వెనక్కి లాగేసేదీ అదే. వెన్న, నెయ్యి, మీగడ, చీజ్, కొబ్బరి నూనె, పామాయిల్‌లో ఉండే సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఆ లాగే పని మందగిస్తుంది. ఇవన్నీ శాకాహారమే కదా! ముందు వీటి సంగతి చూడండి. బిస్కెట్ ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు కూడా చదవండి, చాలావాటిలో పామాయిలే కనిపిస్తుంది.

ఇక పెంచాల్సింది కరిగే పీచు. ఓట్స్ ఉడికాక గిన్నెకి అంటుకునే జిగురు చూశారా? అందులో ఉండే బీటా గ్లూకానే మనకి పనికొచ్చేది. పేగులో పిత్తరసాన్ని పట్టుకుని బయటికి తోసేస్తుంది. మళ్లీ పిత్తం చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ని వాడుకోక తప్పదు. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ కావాలి, అంటే పొడి ఓట్స్ 75 గ్రాముల దాకా. ఒకసారి తూచి చూడండి, కంటి అంచనాకి అందదు. బార్లీలోనూ ఇదే ఉంది. శనగలు, చిక్కుడు గింజల పీచు కూడా మంచిదే. మెల్లగా పెంచండి, లేకపోతే కడుపుబ్బరం.

టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం ఇలాంటి పీచు, సోయా, బాదం, మొక్కల స్టెరాల్స్ (మొక్కల్లో ఉండే, కొలెస్టరాల్‌ని పోలిన పదార్థాలు) అన్నీ కలిపి నెలపాటు తినిపిస్తే ఎల్‌డీఎల్ 28 శాతం పైనే దిగింది. ఆ ఫలితం 2003లో వచ్చింది. ఇంట్లో అంత కచ్చితంగా తినలేం, అంత దిగదు కూడా. కానీ ఏ ఒక్కదాన్నో నమ్ముకోకుండా అన్నీ కలపడమే అందులో అసలు విషయం అని నా నమ్మకం.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. మరి నడక వృథాయేనా?

జవాబు 2:
అయ్యో, మానకండి! వ్యాయామంతో ఎల్‌డీఎల్ కొంచెమే తగ్గుతుంది కానీ, మీ ట్రైగ్లిజరైడ్ల మీద బాగా పనిచేస్తుంది, హెచ్‌డీఎల్ కూడా కాస్త పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, దాంతోపాటు రెండు రోజులు కండరాలకి పని. నడిచేటప్పుడు మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ వేగం. పక్కవాళ్లతో కబుర్లాడుతూ తీరిగ్గా, మెల్లగా వేసే అడుగులు ఈ లెక్కలోకి రావు. ట్రైగ్లిజరైడ్లకి పంచదార, మైదా, పళ్లరసాలు, మద్యం కూడా తగ్గించాలి. థైరాయిడ్ పరీక్ష చేయించారా? అది మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది.

జవాబు 3:
నాది వంశపారంపర్యం. తిండి ఎంత కట్టుదిట్టంగా ఉన్నా ఎల్‌డీఎల్ 190 దిగలేదు, స్టాటిన్ (కొలెస్టరాల్ తగ్గించే మందు) వేసుకున్నాకే దారికొచ్చింది. ఓట్స్, నడక ఇప్పటికీ మానలేదు. మీ ఇంట్లో చిన్నవయసులో గుండెపోటు వచ్చినవాళ్లుంటే మూడు నెలలు ఆగకుండా ఇప్పుడే డాక్టరు గారికి చెప్పండి.