ఈ ఎంజీబీ వీ8 ఫ్యాక్టరీదా, తర్వాత ఎక్కించినదా?

చోక్ లీవర్:

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం పాత కార్ల ప్రదర్శనలో ఒక ఎంజీబీ జీటీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) నా కంటపడింది. ముదురు నారింజ రంగు, ముందూ వెనకా నల్లని రబ్బరు బంపర్లు, స్పోకుల చక్రాలు, ఎడమవైపు ముందు మడ్‌గార్డు మీద ‘వీ8’ అన్న చిన్న బిళ్ల ఉన్నాయి. యజమాని బానెట్ ఎత్తి నిలబెట్టి ఎక్కడికో వెళ్లారు. అరగంట ఎదురుచూసినా తిరిగి రాలేదు కనుక నా కళ్లతో చూసినవి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

బానెట్ మధ్యలో అరచేయి పట్టేంత ఉబ్బు ఉంది. లోపల రోవర్ కంపెనీ వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ ఉంది. రెండు ఎస్‌యూ కార్బరేటర్లు ఇంజిన్ నడినెత్తిన కూర్చుని ఉన్నాయి. ఎగ్జాస్ట్ గొట్టాలు నేరుగా కిందికి దిగకుండా, రెండు పక్కలా లోపలి మడ్‌గార్డు రేకులో కోసిన గుండ్రటి రంధ్రాల గుండా చక్రాల వైపు వెళ్లాయి. అద్దంలోంచి చూస్తే గేరు రాడ్డు పిడి మీద ఐదు గేర్ల గీతలు కనిపించాయి. పక్కనే నిలబడిన ఒక పెద్దాయన ఇది ఫ్యాక్టరీలోనే వీ8గా తయారైన అరుదైన బండి అని ఘంటాపథంగా చెప్పారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఇది నిజంగా ఫ్యాక్టరీ బండేనా? కాకపోతే, ఇంజిన్ మార్చిన బండిని క్లాసిక్ అని పిలవడం సబబేనా?

పాత ప్లగ్గు:

ఆ పెద్దాయన మాట సగం నిజం. ఫ్యాక్టరీ వీ8 అరుదైనదే, కానీ మీరు చూసినది అది కాదు.

1973 నుంచి 1976 వరకు తయారైన ఎంజీబీ జీటీ వీ8లు మొత్తం 2,591. అన్నీ గట్టి పైకప్పు ఉన్న జీటీలే కాబట్టి, టాప్ తెరుచుకునే మామూలు ఎంజీబీలో వీ8 కనబడితే అది తర్వాత ఎక్కించిన ఇంజిన్ అని చెప్పడానికి ఇక వేరే విచారణ అక్కర్లేదు. 1990లలో ఎంజీ పేరుతోనే వీ8 ఇంజిన్‌తో వచ్చిన టాప్ తెరుచుకునే ఆర్‌వీ8 సంగతి వేరు, దాని ఒళ్లే వేరు. మీరు చూసినది జీటీ గనుక విచారణ కాస్త లోపలికి వెళ్లాలి.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం మీరు ‘నడినెత్తిన’ అని రాసిన కార్బరేటర్లు. రోవర్ ఇంజిన్‌ను ఉన్నదున్నట్టుగా ఎంజీబీలో దించితే కార్బరేటర్లు బానెట్‌కు తగులుతాయి. ఫ్యాక్టరీ కంటే ముందే, 1970ల మొదట్లో, ఎంజీబీలకు ఈ ఇంజిన్ ఎక్కించి పేరు తెచ్చుకున్న కెన్ కోస్టెల్లో బానెట్‌ను ఉబ్బించి ఆ చిక్కును తప్పించుకున్నాడు. ఫ్యాక్టరీ వాళ్లు అలా చేయలేదు. వేరే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (కార్బరేటర్ల నుంచి సిలిండర్లకు దారి ఇచ్చే భాగం) పోయించి, రెండు కార్బరేటర్లనూ ఇంజిన్ వెనక్కి, డాష్‌బోర్డు గోడ దగ్గరికి జరిపారు. అందుకే వాళ్ల వీ8కు బానెట్ మామూలు ఎంజీబీ బానెట్ లాగే ఉంటుంది. నా మటుకు నాకు ఆ కారు మొత్తంలో మెచ్చుకోవలసిన పని అదే. బయటికి ఏమీ కనబడనీయకుండా ఎనిమిది సిలిండర్లను లోపల దాచడం చిన్న విషయం కాదు.

మిగిలినవి త్వరగా చెప్తాను. ఫ్యాక్టరీ వీ8కు స్పోకుల చక్రాలు ఇవ్వనే లేదు. అల్యూమినియం నడుమ, క్రోమ్ పూత పూసిన ఉక్కు అంచు కలిసిన డన్‌లప్ చక్రాలు దాని గుర్తు. గేర్లు నాలుగే, పైన ఇంజిన్ చుట్లు తగ్గించే ఓవర్‌డ్రైవ్ ఉంటుంది. ఐదు గేర్ల గీతలున్నాయంటే బహుశా రోవర్ ఎస్‌డీ1 కారు గేర్‌బాక్స్ వేసి ఉంటారు, ఆ కారు 1976లో గానీ రాలేదు. రేకులో రంధ్రాల గుండా ఎగ్జాస్ట్ పంపే పద్ధతి ఆర్‌వీ8 నుంచి వచ్చింది కనుక ఈ ఎగ్జాస్ట్ పని 1990లకు ముందు జరిగి ఉండదు. రబ్బరు బంపర్లు మాత్రం ఏమీ తేల్చవు, 1974 చివరి నుంచి ఎంజీబీలన్నిటికీ అవే వచ్చాయి.

ఇంకా సందేహం ఉంటే మీ ఫొటోల్లో బానెట్ గొళ్లెం పడే అడ్డపట్టీ మీద రివెట్లతో బిగించిన రేకు బిళ్ల కోసం వెతకండి. ఫ్యాక్టరీ వీ8 అయితే సంఖ్య ‘జీడీ2డీ1’తో మొదలవుతుంది, నాలుగు సిలిండర్ల జీటీ అయితే ‘జీహెచ్‌డీ5’తో మొదలవుతుంది. రివెట్లు కొత్తగా మెరుస్తుంటే మాత్రం ఆ బిళ్లను కూడా నమ్మకండి.

గ్రీజు చేతులు:

గుర్తుపట్టే పని పై మిత్రులు పూర్తిచేశారు గనుక నేను రెండో ప్రశ్నకు నా దారిలో జవాబిస్తాను. నేను ఇంకొకరితో కలిసి ఇలాంటి ఎంజీబీకే రోవర్ వీ8 ఎక్కించాను, రెండేళ్లు పట్టింది. అందులో ఇంజిన్‌ను దించి కూర్చోబెట్టడానికి పట్టినవి రెండు రోజులు.

ఈ జోడీ ఎందుకు కుదిరిందో ముందు చెప్పాలి. ఎంజీబీలో మొదట ఉన్నది బీ సిరీస్ అనే 1798 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్, పూర్తిగా పోత ఇనుము. అంబాసిడర్ బానెట్ ఎత్తి చూసినవారికి ఇది పరాయిది కాదు, 1489 సీసీ రూపంలో అందులో పనిచేసింది ఈ కుటుంబమే. రోవర్ వీ8 మూలం అమెరికాలో ఉంది. 1961లో బ్యూక్ తెచ్చిన 215 ఘనపుటంగుళాల ఇంజిన్‌ను అమెరికన్లు మూడేళ్లకే పక్కన పెడితే, రోవర్ 1965లో హక్కులు కొనుక్కుని 1967 నుంచి తన కార్లలో వాడింది. బ్లాకు, హెడ్లు అన్నీ అల్యూమినియం. కాబట్టి 3528 సీసీ ఉన్నా బరువు దాదాపు పాత నాలుగు సిలిండర్ల ఇంజిన్ అంతే తూగుతుంది. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పాఠం ఎంజీసీ. 1967లో అదే ఒంట్లో 2912 సీసీ ఆరు సిలిండర్ల ఇనుప ఇంజిన్ పెట్టేసరికి, నాలుగు సిలిండర్ల దానికంటే దాదాపు 95 కిలోల బరువు ముందు చక్రాల మీద అదనంగా పడింది. మలుపులో ముక్కు తిరగనంటోందని పరీక్షించినవాళ్లంతా రాశారు, 1969లో దాన్ని ఆపేశారు. సీసీలు చూసి ఇంజిన్ ఎంచుకునేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకుంటే చాలు.

ఇక ఆ రెండేళ్లూ ఎక్కడికి పోయాయంటే, మొదట వెనక యాక్సిల్ దగ్గరికి. మామూలు ఎంజీబీ డిఫరెన్షియల్ నిష్పత్తి (చక్రం ఒక్కసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగే చుట్లు) 3.909, దానితో నాలుగో గేరులో గంటకు 100 కిలోమీటర్ల వేగానికి ఇంజిన్ నిమిషానికి సుమారు 3,500 చుట్లు తిరుగుతుంది. తక్కువ చుట్లలోనే బలం చూపే వీ8ను అలా తిప్పితే అది ఊరికే అరుస్తుంది, మొదటి గేరు వేసిన మరుక్షణం అయిపోతుంది. ఫ్యాక్టరీ వాళ్లు 3.07 వేశారు, మేమూ అదే వేశాం. అదే వేగానికి చుట్లు 2,700 దగ్గరికి దిగాయి, కారు అప్పటికి గానీ కారులా నడవలేదు.

తర్వాత వేడి. మా మొదటి ప్రయత్నంలో ఎగ్జాస్ట్ గొట్టాలను ఇంజిన్ పక్కనుంచే కిందికి దించాం. స్టీరింగ్ షాఫ్ట్ కీలుకూ ఆ గొట్టానికీ మధ్య నా చిటికెన వేలు కూడా దూరేది కాదు. ఇరవై నిమిషాలు నడిపి ఆపితే స్టార్టర్ మోటారు కాలిపోతున్నంత వేడెక్కి మళ్లీ తిరిగేది కాదు, చల్లారేదాకా బండి పక్కన నిలబడి వచ్చేపోయేవాళ్ల ప్రశ్నలకు జవాబులు చెప్పుకోవలసి వచ్చేది. చివరికి, మీరు చూసిన కారులో లాగే, లోపలి రేకుకు రంధ్రాలు కోసి గొట్టాలను బయటివైపు తిప్పాం. రేడియేటర్‌ను ముందుకు జరిపి రెండు కరెంటు ఫ్యాన్లు పెట్టాక ఉష్ణోగ్రత ముల్లు నడిమధ్యన నిలిచింది. బ్రేకుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. 95 హార్స్‌పవర్ కోసం చేసిన బ్రేకుల మీద 137 హార్స్‌పవర్ ఇంజిన్ నడపడానికి ధైర్యం కాదు, తెలివితక్కువతనం ఉండాలి.

కాబట్టి క్లాసిక్ అవునా కాదా అని నన్నడిగితే, నేను ఇంజిన్ వైపు చూడను. ఆ ఇంజిన్ చుట్టూ ఉన్నవి దానికి తగ్గట్టు మారాయా లేదా అని చూస్తాను. మీరు చెప్పిన ఎగ్జాస్టును బట్టి ఆ బండికి పనిచేసినవారు పని తెలిసినవారే.

ఐదో గేరు:

గ్రీజు చేతులు గారి పనితనాన్ని గౌరవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తాను. బాగా చేసిన మార్పిడి కూడా ఒక్కోసారి తొందరపాటే అవుతుంది. దానికి ట్రయంఫ్ స్టాగ్ అనే బ్రిటిష్ కారు సాక్షి.

1970లో వచ్చిన స్టాగ్‌కు ట్రయంఫ్ సొంతంగా 2997 సీసీ వీ8 తయారుచేసుకుంది. ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్లు, రెండు వరుసల సిలిండర్ల మధ్య ఎత్తుగా కూర్చున్న నీటి పంపు దాని తీరు. నీళ్లు కొద్దిగా తగ్గినా మొదట ఎండిపోయేది ఆ పంపే. పోత పోసినప్పటి ఇసుక కొన్ని బ్లాకుల్లో మిగిలిపోయి నీటి దారులను పూడ్చేది. ఇంజిన్ ఒక్కసారి ఉడికిపోతే హెడ్ వంగిపోయేది. ఆ హెడ్‌ను విప్పుదామంటే ఏటవాలుగా దిగిన స్టడ్లు తుప్పు పట్టి ఊడి వచ్చేవి కావు. విసిగిపోయిన యజమానులు దాన్ని దించేసి రోవర్ వీ8నో, ఫోర్డ్ మూడు లీటర్ల వీ6నో, ట్రయంఫ్ వాళ్లదే ఆరు సిలిండర్ల ఇంజిన్‌నో ఎక్కించారు. దించిన ఇంజిన్లు చాలావరకు పాత ఇనుములోకి పోయాయి.

తర్వాత జరిగింది చూడండి. బ్లాకును శుభ్రంగా కడిగి, మంచి రేడియేటర్ వేసి, నీటికి తుప్పు నిరోధక ద్రవం కలిపి, టైమింగ్ చైన్లను వేళకు మారిస్తే అదే ఇంజిన్ నమ్మకంగా నడుస్తుందని తేలింది. ఈరోజు స్టాగ్ కొనాలనుకునేవారు మొదట అడిగేది అసలు ఇంజిన్ ఉందా అనే. ఇంజిన్‌కు రోగమేమిటో తెలియకముందే గుండె మార్పిడి చేయించారన్నది నా ఫిర్యాదు. పైగా స్టాగ్ శబ్దం స్టాగ్‌దే, రోవర్ ఇంజిన్ ఎంత మంచిదైనా ఆ గొంతు దానికి రాదు.

ఎంజీబీ విషయంలో ఈ అభ్యంతరం అంత బలంగా లేదని ఒప్పుకుంటాను. ఫ్యాక్టరీయే ఆ పని చేసింది, బీ సిరీస్ ఇంజిన్లు ఇప్పటికీ కావలసినన్ని దొరుకుతున్నాయి. విద్యుత్ మోటారు పెట్టించే వారితోనే నాకు అసలు పేచీ. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కూడా, అలా మార్చిన బండి తన నిర్వచనం ప్రకారం చారిత్రక వాహనం కాదని చెప్పింది. అయినా చేయదలచుకుంటే, మళ్లీ వెనక్కి మార్చడానికి వీలుండేలా చేసి, తీసిన భాగాలకు గుర్తులు పెట్టి దాచమని సూచించింది. ఆ సూచన పెట్రోలు ఇంజిన్ల మార్పిడికీ సరిగ్గా సరిపోతుంది.

చోక్ లీవర్:

ముగ్గురికీ ధన్యవాదాలు. ఫొటో పెద్దది చేసి చూస్తే బిళ్ల మీద ‘జీహెచ్‌డీ5’ స్పష్టంగా ఉంది. ప్రదర్శన నిర్వాహకుల ద్వారా యజమానితో ఫోనులో మాట్లాడగలిగాను. ఇంజిన్‌ను 1998లో తనే ఎక్కించారట. ఫ్యాక్టరీ బండి అని తాను ఎవరికీ చెప్పలేదనీ, అడిగినవారికి ఫైలు తెరిచి చూపిస్తాననీ అన్నారు. అసలు ఇంజిన్, గేర్‌బాక్స్ షెడ్డులో పట్టా కింద ఉన్నాయట. మడ్‌గార్డు మీద బిళ్ల మాత్రం అందంగా ఉందని పెట్టుకున్నారట. ఇందులో తప్పేమైనా ఉందంటారా?

పాత ప్లగ్గు:

ఆయన దగ్గర ఉన్నంతకాలం తప్పు లేదు. నా భయమంతా రెండో, మూడో యజమాని గురించే. సన్‌బీమ్ టైగర్ చరిత్ర తెలిస్తే మీకూ ఆ భయం కలుగుతుంది. 1964లో సన్‌బీమ్ ఆల్పైన్ ఒంట్లో 4.2 లీటర్ల ఫోర్డ్ వీ8 పెట్టి టైగర్ తయారుచేశారు. ఇంజిన్ ఎంత ఇరుకుగా కూర్చుందంటే, ఒక స్పార్క్ ప్లగ్గును విప్పాలంటే కారు లోపలికి వెళ్లి, డాష్‌బోర్డు గోడలో ఉన్న మూత తీసి చేయి పెట్టాలి. టైగర్ విలువ పెరిగేకొద్దీ మామూలు ఆల్పైన్లకు వీ8 ఎక్కించి, బిళ్లలు మార్చి అమ్మడం మొదలైంది. రెండు పేర్లూ కలిపి అలాంటివాటిని ‘ఆల్జర్’ అని పిలుస్తారు. టైగర్ యజమానుల సంఘం చివరికి ఒక్కో బండిని దగ్గరుండి పరిశీలించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటే చేసుకోవలసి వచ్చింది.

కనుక ఆ బిళ్లను తీయమని నేను అనను. ఇంజిన్ ఎప్పుడు మారిందో, ఏ సంఖ్య ఉన్న ఇంజిన్ ఎక్కిందో ఒక కాగితం మీద రాసి బండి పత్రాలతో కలిపి ఉంచమని, వాహన రిజిస్ట్రేషన్‌లో ఇంజిన్ సంఖ్య మారిందో లేదో సరిచూసుకోమని ఆయనకు చెప్పండి.

గ్రీజు చేతులు:

షెడ్డులో ఉన్న ఇంజిన్ గురించి కూడా ఒక మాట చెప్పండి. పట్టా కప్పితే దుమ్ము పడదు గానీ చెమ్మ ఆగదు. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి, క్రాంక్‌షాఫ్ట్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, ప్లగ్గులు మళ్లీ బిగించమనండి. కార్బరేటర్ మూతినీ ఎగ్జాస్ట్ రంధ్రాలనూ నూనె గుడ్డతో మూసి, రెండు మూడు నెలలకోసారి ఆ చుట్లు తిప్పుతూ ఉండాలి. 1998 నుంచి ఎవరూ తిప్పకపోయి ఉంటే ముందు ఆయిల్ పోసి వారం రోజులు నాననివ్వాలి. బిగుసుకుని ఉన్నప్పుడు పొడుగాటి రాడ్డు తగిలించి బలవంతంగా తిప్పితే పిస్టన్ రింగులు విరుగుతాయి.