మధ్యాహ్నం పడుకోనంటున్న రెండున్నరేళ్ల పిల్లాడు: పడుకోబెట్టాలా, వదిలెయ్యాలా?

చీమకుర్తి అమ్మ:
మా బాబుకి రెండేళ్ల ఏడు నెలలు. సంక్రాంతి దాకా అన్నం తిని ఒంటిగంటకు పడుకుంటే మూడింటికి లేచేవాడు. రెండు నెలలుగా మంచం ఎక్కితే చాలు, గెంతులు. కిటికీ మూసి, కర్టెన్ వేసి, పక్కన పడుకుని గంటన్నర జోకొడుతున్నాను. రాదు. సాయంత్రం ఐదున్నరయ్యేసరికి ఏది ఇచ్చినా ఏడుపే. ఆరింటికి నోట్లో ముద్ద ఉండగానే తూలిపోతాడు. ఏడుంబావుకి లేచి, రాత్రి పదకొండున్నర దాకా మేలుకునే ఉంటాడు. పొద్దున ఎనిమిదిన్నరకు లేస్తాడు.

నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. ఇది పెళ్లిళ్ల నెల. ఆ రెండు గంటలే నాకు మిషన్ ముందు కూర్చునే టైము. మా అత్తయ్య "రెండు తగిలించు, వాడే పడుకుంటాడు" అంటారు. మా ఆయన "రాకపోతే వదిలెయ్, రాత్రికి పడుకుంటాడులే" అంటారు. మొన్న మంగళవారం విసుగొచ్చి కొట్టాను. ఎక్కిళ్లు పెడుతూనే నిద్రపోయాడు. ఆ మొహం చూశాక నాకు సూది పట్టుకోబుద్ధి కాలేదు.

బలవంతంగానైనా పడుకోబెట్టాలా, మాన్పించేయాలా? పిల్లల్ని పెంచినవాళ్లు చెప్పండి.

కావలి అమ్మమ్మ:
పడుకోబెట్టాల్సిందే తల్లీ. ముగ్గురు బిడ్డల్ని, ఐదుగురు మనవల్ని పెంచినదాన్ని. మూడేళ్లు నిండని బిడ్డకు మధ్యాహ్నం కునుకు లేకపోతే పొద్దుగూకేసరికి నలిగిపోతుంది. పైగా మనది మామూలు ఎండా? రోహిణి కార్తెలో పన్నెండు దాటితే కుక్క కూడా నీడ వదలదు. ఆ వేళ మేలుకుని బిడ్డ చేసే పనేముంది?

తప్పు మధ్యాహ్నంలో లేదు, పొద్దున ఉంది. ఎనిమిదిన్నరకు లేచిన బిడ్డకు ఒంటిగంటకు నిద్ర ఎట్టా వస్తుంది? ఆరున్నరకల్లా లేపు. ఎండ ముదిరేలోపు బయట తిరగనీ, మట్టిలో ఆడనీ. పదకొండున్నరకు నీళ్లు పొయ్యి. పన్నెండింటికి మెత్తటి పప్పన్నం, కాస్త నెయ్యి. తర్వాత పాత నూలు చీరతో ఉయ్యాల కట్టి అందులో వెయ్యి. కొట్టడం మాత్రం వద్దు. మీ అత్తయ్యకు కూడా నా మాటగా చెప్పు.

ఒంగోలు నాన్న:
అమ్మమ్మగారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. అయినా ఒప్పుకోలేను. మా పాపకు రెండేళ్ల పది నెలలప్పుడు ఇదే గొడవ. "గదిలోకి పోదాం" అంటేనే ఏడుపు అందుకునేది. నెల రోజులు పోరాడి మానేశాం. మొదటి పది రోజులు సాయంత్రాలు గడవడం కష్టమైంది. ఆ తర్వాత రాత్రి ఎనిమిదికి పడుకుని పొద్దున ఆరున్నరకు లేవడం మొదలుపెట్టింది. పదిన్నర గంటలు, మధ్యలో మెలకువ లేకుండా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో పిల్లలకు 10 నుంచి 13 గంటలు అనే ఉంది. గది చీకటి చేయగలం, ఫ్యాన్ వేయగలం. కళ్లు మూసుకోవాల్సింది మాత్రం బిడ్డే.

కోవూరు నర్సు:
పిల్లల వార్డులో పనిచేస్తాను. అన్నా, మీరు చెప్పిన లెక్క మూడు, నాలుగేళ్ల వాళ్లది. ఏడాది నిండినప్పటి నుంచి మూడు నిండేదాకా అదే సంస్థ చెప్పింది 11 నుంచి 14 గంటలు, పగటి నిద్ర కలుపుకుని. ఈ బాబు రాత్రి తొమ్మిది గంటలు, సాయంత్రం గంటంబావు పడుకుంటున్నాడు. మొత్తం పదింబావు. తక్కువే.

కాబట్టి మాన్పించే వేళ ఇంకా రాలేదని నా అభిప్రాయం. ఎక్కువమంది పిల్లలు మూడు, ఐదేళ్ల మధ్య మానేస్తారు. రెండు దాటాక కొన్ని వారాలు మొండికేయడం మామూలే. మాటలు వస్తుంటాయి, నడక పరుగవుతుంది, "వద్దు" అనడం నేర్చుకుంటారు. ఆ కొద్ది వారాలు చూసి ఇక అయిపోయిందని వదిలేస్తే తొందరపడ్డట్టే.

అసలు చిక్కు ఆరింటి నిద్రలో ఉంది. మేలుకున్నకొద్దీ ఒంట్లో నిద్ర భారం పేరుకుంటూ వస్తుంది. పొద్దుగూకేవేళ గంటసేపు పడుకుంటే ఆ భారం కాస్తా దిగిపోతుంది, ఇక రాత్రి పదకొండు దాటినా కళ్లు మూతపడవు. దాంతో పొద్దున ఆలస్యం, దాంతో మధ్యాహ్నం నిద్ర రాదు. ఈ వయసులో చాలామందికి ఐదారు గంటలు మేలుకుంటేగానీ కునుకు రాదు. అమ్మమ్మగారు పెందలాడే లేపమన్నది నూటికి నూరు పాళ్లు సరి. పగలు పడుకుంటే మూడు, మూడుంబావు దాటనివ్వొద్దు.

ఉయ్యాల మాట మాత్రం ఒప్పుకోను. రెండున్నరేళ్లవాడు అందులో లేచి నిలబడతాడు, పడిపోవచ్చు, చీర మెడకు చుట్టుకోవచ్చు.

ఇంకొకటి. రోజూ గురక పెడుతున్నా, నోటితో గాలి పీలుస్తున్నా, నిద్రలో కాళ్లు అదేపనిగా కదిలిస్తున్నా, మన్ను తింటున్నా డాక్టరుకు చూపించండి. ఒంట్లో ఇనుము తక్కువైతే నిద్ర కుదురుగా ఉండదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే అడుగుతున్నాను.

కావలి అమ్మమ్మ:
ఉయ్యాల్లో వేసి వదిలిపొమ్మని నేను అనలేదమ్మా. పక్కన కూర్చుని ఊపమన్నాను.

కోవూరు నర్సు:
పక్కన మీరుంటే నాకూ భయం లేదు. ఈ అమ్మాయి ఊపి, వాడు కళ్లు మూయగానే మిషన్ దగ్గరికి పోవాలి కదా. నా భయం అక్కడ.

సింగరాయకొండ నుంచి:
మా పక్కింటావిడ ప్రయాణాలప్పుడు బాబుకు జలుబు సిరప్ కొంచెం పోస్తుంది. హాయిగా పడుకుంటాడట. ఎప్పుడో ఒకసారైతే పర్వాలేదా?

కోవూరు నర్సు:
వద్దు. ఒక్కసారి కూడా వద్దు. ఆ సిరప్‌లలో చాలావాటిలో మగత తెచ్చేది క్లోర్‌ఫెనిరమైన్. అది ముక్కుదిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్‌తో కలిసి ఉన్న మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని, ఆ హెచ్చరిక సీసా మీదే వేయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించారు. పక్కింటావిడకు ఈ రోజే చెప్పండి.

కావలి అమ్మమ్మ:
ఈ మాటలో నర్సమ్మ వైపే నేను. చేలోకి పోయే తల్లులు కొందరు బిడ్డలకు నల్లమందు నాకించేవాళ్లని మా నాయనమ్మ చెప్పేది. లేవని బిడ్డలూ ఉన్నారట. ఆ కాలం మళ్లీ రాకూడదు.

ఇందుకూరుపేట ఇల్లాలు:
మా ఇంట్లో ఇది బతుకుతెరువుతో ముడిపడ్డ సంగతి. మా ఆయన రాత్రంతా రొయ్యల గుంట దగ్గర ఉంటారు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఆగిందంటే పంట పోయినట్టే. అందుకని ఆయన నిద్ర మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు. ఉన్నది ఒకటే పడకగది. పాప గోల చేస్తే ఆయన లేస్తారు, ఆ రాత్రి గుంట గట్టు మీద తూలుతారు.

అందుకే నేను పాపను అదిమిపట్టి పడుకోబెట్టేదాన్ని. "బూచాడొస్తాడు" అని కూడా భయపెట్టాను. ఏమైందంటే, రాత్రి పూట కూడా చీకటి గదిలోకి రానని ఏడవడం మొదలుపెట్టింది. దాన్ని మాన్పడానికి రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు "పడుకో" అనే మాటే అనను. ఒంటిగంటకు వసారా నేలంతా తడిగుడ్డతో తుడిచి చాప వేస్తాను. నేను పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటాను. పాపకు రెండు బొమ్మలు. చాప దిగకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. గడియారంలో పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా అంతే. వారంలో మూడు నాలుగు రోజులు తనంతట తనే ఒరిగిపోతుంది. ఒరగని రోజున కూడా సాయంత్రం అంత చిరాకు ఉండదు. ఫోన్ మాత్రం ఇవ్వను. ఇచ్చిన రోజు కదలకుండా కూర్చుంటుంది గానీ కునుకు రానే రాదు.

దర్శి అంగన్‌వాడీ టీచర్:
చాప మాట నిజం. ఇంట్లో అస్సలు పడుకోడని తల్లి చెప్పిన పిల్లాడు మా సెంటరులో పడుకుంటాడు. చుట్టూ పదిమంది వాలితే పదకొండోవాడూ వాలుతాడు. ఇంట్లో మరి అందరూ తిరుగుతూ, వాడొక్కణ్ణే పడుకోమంటారు.

ఒంగోలు నాన్న:
నర్సుగారి లెక్క చూసుకున్నాను. మా పాపకు అప్పటికి మూడు నిండలేదు. మేము తొందరపడ్డామేమో, ఒప్పుకుంటున్నాను. కానీ చెల్లెమ్మ అడిగింది "బలవంతంగానైనా" అని. రోజూ గంటన్నర పోట్లాట పెట్టుకోవడం తప్పనే ఇప్పటికీ అంటాను.

ఇంకో మాట, కష్టంగా అనిపించినా చెప్పాలి. ఆ రెండు గంటల్లో కొంత వాడి ఆరోగ్యం కోసం, కొంత మిషన్ కోసం. కుట్టుపని అవసరమే, నేను కాదనను. అయితే ఆర్డర్లన్నీ వాడి నిద్ర మీద పెట్టుకుంటే, వాడు మేలుకున్న ప్రతి నిమిషం మనకు నష్టంలా కనిపిస్తుంది. చెయ్యి లేచేది అప్పుడే. ఇంటి నుంచి పనిచేసిన రోజుల్లో మీటింగ్ టైముకు పాప పడుకోకపోతే నా చెయ్యీ లేచింది. అందుకే తెలుసు. "వదిలెయ్" అని మీ ఆయన అనడం తేలిక. వదిలేస్తే ఆ గంటలు ఎవరు చూసుకుంటారో కూడా ఆయనే చెప్పాలి.

చీమకుర్తి అమ్మ:
పన్నెండు రోజులు చూసి రాస్తున్నాను. అన్నా, మీ మాట రెండు రోజులు గుచ్చుకుంది. నాకు ఆ టైము కావాలి, అందులో సిగ్గు లేదు, వాడి పాల డబ్బులు అందులోంచే వస్తాయి. కానీ వాడు కళ్లు తెరిస్తే నాకు కోపం వస్తున్న మాట నిజం. మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన గ్రానైట్ కటింగ్‌లో పని చేసి ఐదింటికి వస్తారు. స్నానం చేసి, ఏడు దాకా బాబుని ఆయనే చూస్తున్నారు. ఆరింటికి కళ్లు మూతలు పడుతుంటే ఎత్తుకోకుండా వీధి చివరిదాకా నడిపించి తెస్తున్నారు. ఇప్పుడు నా కుట్టుపని ఎక్కువ భాగం ఆ రెండు గంటల్లోనే.

ఆరున్నరకు లేపడం మొదటి నాలుగు రోజులు చాలా కష్టమైంది. మధ్యాహ్నం కటింగ్ బల్ల కింద చాప వేసి, ఖాళీ దారం రీళ్లు డబ్బాలో వేసి ఇస్తున్నాను. వాటిని పేర్చి, పడగొట్టి, ఒక్కోసారి రీలు చేతిలో పట్టుకునే నిద్రపోతాడు. పన్నెండు రోజుల్లో ఏడు రోజులు పడుకున్నాడు. పడుకోని రోజు ఆరింటికే అన్నం పెట్టి, ఏడున్నరకు మంచమెక్కిస్తే తెల్లారేదాకా కదలడు. గురక లేదు. రక్తపరీక్ష సోమవారం.

కొట్టనని వాడికి చెప్పాను. ఏం అర్థమైందో తెలియదు, నా చెంప మీద చెయ్యి వేసి చూశాడు. అత్తయ్య కూడా ఇప్పుడు "తగిలించు" అనడం లేదు. నిన్న వాడి పక్కన చాప మీద వాలి కథ చెప్పారు.

ఒక్కటే మిగిలింది. మూడుంబావుకు లేపితే అరగంట ఏడుస్తున్నాడు. ఎట్టా లేపాలి?

కావలి అమ్మమ్మ:
పిలవొద్దు, ఎత్తుకోవద్దు. ముందు కిటికీ తెరిచి వెలుతురు పడనీ. అరికాళ్లు మెల్లగా నిమురు. వాడు నీవైపు చూసేదాకా మాట్లాడకు. ఇప్పుడు ముంజలు వస్తున్నాయి కదా, తొక్క తీసి చిన్న ముక్కలు చేసి గిన్నెలో పక్కన పెట్టుకో.